అప్‌డేట్: మా వారి జీటీఏ 5, ఒళ్లో కూర్చుని చూసే నాలుగేళ్ల బాబు

మా వారు జీటీఏ 5 (కాల్పులు, కార్లతో మనుషుల్ని గుద్దడం ఉండే వీడియో గేమ్) ఆడుతుంటే బాబు ఒళ్లో కూర్చుని చూస్తున్నాడు, ఆపించాలా వద్దా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, రిప్లై ఇచ్చిన అందరికీ థాంక్స్. మా వారితో మాట్లాడా, ముందు "వాడు ఆడట్లేదుగా, చూస్తున్నాడంతే" అన్నారు, కానీ ఆ గేమ్ వయసు రేటింగ్ చూపించా, యూరప్‌లో 18, అమెరికాలో 17 ప్లస్, స్క్రీన్ మీద రక్తం ఆడేవాళ్లకీ చూసేవాళ్లకీ ఒకేలా కనిపిస్తుంది కదండీ, పైగా ఆ వయసులో ఏది నిజమో ఏది ఆటో పిల్లలకి ఇంకా సరిగ్గా తెలీదు. ఇప్పుడు వాడు పడుకున్నాకే ఆడుతున్నారు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని (సౌండ్ సంగతి గుర్తుచేసిన అక్కకి స్పెషల్ థాంక్స్). సాయంత్రం ఇద్దరూ కలిసి ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ రేసుల గేమ్ ఆడుకుంటారు, దానికి యూరప్ రేటింగ్ 3, అదీ కాసేపే, నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించి స్క్రీన్ వద్దని డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2019లోనే చెప్పింది. బొమ్మ కారుతో మనుషుల్ని గుద్దే ఆట మాత్రం వాడింకా మానలేదు, అదే నాకు బెంగగా ఉంది, తగ్గితే మళ్లీ రాస్తా.