22 డిగ్రీలకే 'వేడి వేసవి' అట, మరి మన బొబ్బిలి ఎండని ఏమనాలి?

బొబ్బిలి టైలరమ్మ:
మా తమ్ముడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. రాత్రి కరెంటు పోతే డాబా మీద కూర్చుని జాగ్రఫీ బిట్లు నాచేత అడిగించుకున్నాడు. అందులో ఒకటి: వేసవిని 'వేడి వేసవి' అనాలంటే ఏడాదిలో అన్నిటికంటే వేడి నెల ఉష్ణోగ్రత కనీసం ఎంత ఉండాలి? జవాబు చూస్తే 22 డిగ్రీలు. నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో 22 అంటే ఫ్యాను ఆపేసి, అమ్మ కాళ్ళకి దుప్పటి లాక్కునే చలి.

నా కొట్టు మీద సిమెంటు రేకులు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి కత్తెర పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. పట్టు జాకెట్టు ముక్క మీద చెమట చుక్క పడిందంటే మరక ఉండిపోతుంది, ఆ ఇంటావిడకి ఏం సమాధానం చెబుతాం? అందుకని ముంజేతి కింద పాత తువ్వాలు పరుచుకునే కుడతాను. పోనీ టీవీ వాళ్ళ మాట నమ్ముదామంటే అదీ అర్థం కాదు. ఒకచోట 41 ఉన్నా వడగాల్పులు లేవంటారు, సముద్రం పక్కన 39కే ఉన్నాయంటారు. అసలు ఎంత దాటితే వేడి? ఎవరైనా తిన్నగా చెప్పండి బాబూ.

మ్యాపుల మాస్టారు, విజయనగరం:
అమ్మా, బిట్టు సరైనదే. కాకపోతే ఆ 22 మధ్యాహ్నపు ఎండ లెక్క కాదు, నెల సగటు. పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం కలిపి సగం చేస్తే ఆ రోజు సగటు. అలా నెలంతా తీస్తారు. పగలు 29, రాత్రి 15 ఉండే ఊరికి 22 వస్తుంది. కొప్పెన్ అనే శాస్త్రవేత్త 1884లో మొదలుపెట్టి, 1936 దాకా దిద్దుకుంటూ వచ్చిన వర్గీకరణ ఇది. ఆయన చూసింది మనుషుల చెమట కాదు, ఎక్కడ ఏ చెట్టు బతుకుతుందన్నది. అత్యంత వేడి నెల సగటు కూడా 10కి చేరని చోట అడవి పెరగదు, అదొక గీత. సమశీతోష్ణ దేశాల్లో ఆ సగటు 22 దాటితే వేడి వేసవి, అది మరో గీత. రోమ్ దాటుతుంది, లండన్ దాటదు.

అసలు సంగతేమిటంటే, ఈ గీత మనకు వర్తించదు. అన్నిటికంటే చల్లటి నెల సగటు కూడా 18కి తగ్గని ప్రాంతం, వానలు సరిపడా ఉంటే, ఉష్ణమండలం కిందికి వస్తుంది. అక్కడ వేసవి వేడిదా కాదా అన్న ప్రశ్నే ఆయన వెయ్యలేదు, వాన ఎప్పుడు పడుతుందన్నదే చూశాడు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండూ అందులోవే. మన జనవరి సగటే 22, 23 దగ్గర ఉంటుంది. మే సగటు 30 దాటుతుంది.

కళింగపట్నం కుర్రోడు:
మాస్టారు పుస్తకం లెక్క చెప్పేశారు. టీవీ సంగతి నేను చెబుతాను అప్పా. వాతావరణ శాఖ వడగాల్పులు అనాలంటే మైదానంలో కనీసం 40, తీరంలో 37, కొండల మీద 30 ఉండాలి. అది గుమ్మం దాటడం మాత్రమే. ఆ పైన, ఆ ఊరికి ఆ రోజుల్లో మామూలుగా ఉండే గరిష్ఠం కంటే 4.5 డిగ్రీలు పెరగాలి. మామూలే 39 ఉండే ఊళ్ళో 41 వస్తే పెరిగింది రెండే కదా, అందుకే అనలేదు. మామూలు 34 ఉండే తీరంలో 39 వస్తే అంటారు. మైదానంలో 45 తాకితే మాత్రం ఈ తేడాల లెక్క చూడరు, నేరుగా వడగాల్పులే. 47 అయితే తీవ్రం.

మా దగ్గర డిగ్రీ తక్కువైనా ఉక్కపోత చంపేస్తుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది, గాలిలో అంత తేమ ఉంటే ఎక్కడ ఆరుతుంది? 35 డిగ్రీలకు 60 శాతం తేమ తోడైతే ఒంటికి 45లా తగులుతుందని లెక్క కట్టారు. అయినా మధ్యాహ్నానికి సముద్రం గాలి లోపలికి వస్తే మేం బతికిపోతాం. పడమటి గాలి బలంగా తోస్తే అది ఒడ్డు దాటి రాదు, ఆ రోజు తీరంలోనూ 40 దాటుతుంది. మేలో బంగాళాఖాతంలో తుపాను లేచి మన వైపు రాకుండా బర్మా పోతే మరీ ఘోరం, ఉన్న తేమను అటు లాక్కుపోయి మనకు పొడి పడమటి గాలిని వదిలేస్తుంది. 2003 మేలో రాష్ట్రం అలాగే మాడింది. అందుకే తుపాను మన మీదికి రావట్లేదని టీవీ వాళ్ళు సంబరంగా చెబుతుంటే మా నాన్న ఛానల్ మార్చేస్తారు.

పలాస జీడిపప్పు:
ఇంకోటి. మీరు చెప్పే డిగ్రీలన్నీ నీడలోవి. థర్మామీటరుని ఎండలో పెట్టరు, గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో, నేల మీద మనిషి ఛాతీ ఎత్తున పెడతారు. మేం జీడిపిక్కలు కాల్చే షెడ్డులో ఎంతుంటుందో ఆ పెట్టెకేం తెలుసు? మా మేస్త్రీ ఫోన్లో 38 చూపించి "ఇవాళ పర్లేదురా" అంటాడు. ఆయన కూర్చునేది కూలరు ముందు.

బొబ్బిలి టైలరమ్మ:
మాస్టారూ, తమ్ముడికి చదివి వినిపించాను. సగటు అన్న ముక్క వాడి పుస్తకంలో ఎక్కడా లేదట. మరి రాత్రుళ్ళ సంగతేంటి? పగలు ఎలాగో గడిచిపోతుంది, రేకుల కింద రాత్రి ఒంటిగంటకి కూడా గోడ వెచ్చగానే ఉంటుంది. నన్ను పడగొట్టేది అది.

మ్యాపుల మాస్టారు, విజయనగరం:
దానికీ లెక్క ఉందమ్మా. పగలు 40 దాటిన చోట రాత్రి కనిష్ఠం మామూలు కంటే 4.5 ఎక్కువుంటే వెచ్చటి రాత్రి అని వాతావరణ శాఖ ప్రకటిస్తుంది. రాత్రి చల్లబడకపోతే పగటి అలుపు ఒంట్లోనే ఉండిపోతుంది, మర్నాటి ఎండకి వడదెబ్బ తొందరగా తగులుతుంది. ఫోన్లో గరిష్ఠం పక్కనే కనిష్ఠం కూడా ఉంటుంది, అదీ చూడండి. సాయంత్రం రేకుల మీద తడి గోనెపట్టాలు పరిచారంటే గోడకి కాస్త తేడా తెలుస్తుంది. తమ్ముడిని మాత్రం పరీక్షలో 22 అనే పెట్టమనండి.

బొబ్బిలి టైలరమ్మ:
గోనెపట్టాలు ఉన్నాయి. నీళ్ళకే, కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది.