విన్నిపెగ్ చలిలో బండి స్టార్ట్ అవట్లేదు: బ్యాటరీయా, ఆల్టర్నేటరా?

అందరికీ నమస్కారం. సెప్టెంబర్‌లో గుంటూరు నుంచి విన్నిపెగ్ వచ్చాను. పెంబినా హైవే పక్కన అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. పన్నెండేళ్ల పాత సెడాన్ కొన్నాను. నవంబర్‌లో ఒకసారి స్టార్ట్ కాకపోతే షాపులో కొత్త బ్యాటరీ వేశారు. మూడు వారాలు బాగానే ఉంది. ఈ వారం మైనస్ 28 పడేసరికి మళ్ళీ టక్ టక్ టక్ అని శబ్దం తప్ప ఏమీ లేదు. రెండుసార్లు పక్కవాళ్ళ బండి బ్యాటరీకి కేబుళ్ళు కలిపి జంప్ చేశాను. ఆఫీసు పది నిమిషాల దూరమే. నాన్నగారు ఫోన్‌లో "డైనమో చూపించు" అంటున్నారు (అంటే ఆల్టర్నేటర్, ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని నింపేది), షాపువాళ్ళు బ్యాటరీ మళ్ళీ మార్చాలంటున్నారు. ఇంకో రెండు వందల డాలర్లు పెట్టే ముందు మీలో ఎవరైనా చెబుతారని రాస్తున్నాను.

* * *

తమ్ముడూ, ముందు ఇంకో బ్యాటరీ కొనకు. ఇరవై డాలర్లు పెట్టి వోల్టేజ్ కొలిచే డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొను. బ్యాటరీ డౌన్ అయిందంటే తప్పు బ్యాటరీదే కానక్కర్లేదు. దాన్ని ఎవరూ నింపకపోయినా డౌన్ అవుతుంది, రాత్రంతా ఏదో దాని కరెంటు తాగేస్తున్నా డౌన్ అవుతుంది. మూడింట్లో ఏదో మీటర్ పెట్టకుండా ఎవరూ చెప్పలేరు.

చలి ఏం చేస్తుందో తెలిస్తే భయం తగ్గుతుంది. మైనస్ 18 దగ్గర బ్యాటరీ, మామూలు వేడిలో ఇచ్చే బలంలో సుమారు సగమే ఇస్తుంది. అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, ఇంజిన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారుకు ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. బ్యాటరీ మీద సీసీఏ అని రాసి ఉండే అంకె కూడా మైనస్ 18లో ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పేదే. మన ఊళ్ళో అయితే నలుగురం కలిసి తోసి గేర్ వేసేవాళ్ళం. ఇక్కడ నీది ఆటోమేటిక్ అయి ఉంటుంది, తోస్తే స్టార్ట్ కాదు.

మూడు రీడింగులు తీసుకో. మీటర్‌ని అప్పటిదాకా ఇంట్లోనే ఉంచి, కొలిచేటప్పుడే కిందికి తీసుకెళ్ళు, చలికి దాని తెర మీద అంకెలు మెల్లగా కదులుతాయి. మొదటిది పొద్దున్నే, తాళం తిప్పక ముందు. బానెట్ ఎత్తి, తలుపులు మూసి, కొన్ని నిమిషాలు ఆగి బ్యాటరీ రెండు టెర్మినల్స్ మీద మీటర్ ముళ్ళు (ప్రోబ్స్) పెట్టు. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే దాదాపు అడుగంటింది.

రెండోది సెల్ఫ్ కొడుతున్నప్పుడు. తాళం తిప్పడానికి ఇంకొకరు ఉండాలి. సాధారణ వాతావరణంలో 9.6 కంటే కిందికి పోకూడదు. ఈ చలిలో ఇంకాస్త తగ్గినా కంగారు పడకు. కానీ ముందు 12.6 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే 7కో 8కో పడిపోతే దాని పని అయిపోయినట్టే.

మూడోది బండి నడుస్తున్నప్పుడు. ఇదే అసలు రీడింగు. 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. ఛార్జింగ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ చలిలో కావాలనే వోల్టేజ్ పెంచుతుంది కాబట్టి 14.8 కనిపించినా తప్పు కాదు. తర్వాత హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి, ఎవరితోనైనా యాక్సిలరేటర్ కొంచెం తొక్కించు. అప్పుడు కూడా 13.5 దగ్గర నిలబడాలి. 13 కంటే కింద ఉంటే ఆల్టర్నేటరో, దాని బెల్టో, కేబుళ్ళో చూడాలి. కొత్త మోడల్ బండ్లలో కంప్యూటరే ఛార్జింగ్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. పన్నెండేళ్ల పాత బండ్లలో కూడా కొన్నింట్లో అది ఉంటుంది, నీదాంట్లో ఉందేమో చూసుకో.

నాకు మొదటి చలికాలం జరిగింది చెబుతాను. డిసెంబర్‌లో కొత్త బ్యాటరీ వేయించాను, జనవరిలో మళ్ళీ డౌన్. షాపులో ఆల్టర్నేటర్ పోయిందన్నారు, అదీ మార్పించాను. పది రోజులకు మళ్ళీ అదే తంతు. పొద్దున ఆరింటికి పాపను డేకేర్‌లో దింపాలి, బండి కదలదు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. చివరికి మా బిల్డింగ్‌లో ఉండే రిటైరైన మెకానిక్ ఒకాయన కిందికి దిగి మీటర్ పెట్టాడు. ఆల్టర్నేటర్ వెనక బోల్టుకి ఒక ప్రోబ్, దాని ఒంటికి ఇంకొకటి పెడితే 14.3. బ్యాటరీ దగ్గర 13.0. ఆ తేడా ఎక్కడ పోతోందని ఆయన నెగెటివ్ కేబుల్ చివర తొడుగును చాకుతో చీల్చి చూపించాడు. లోపల రాగి తీగలు పొడిపొడిగా, ఆకుపచ్చగా అయిపోయాయి. పైకి కేబుల్ కొత్తదానిలాగే ఉంది. ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు అలా లోపలికి పాకుతుంది. కేబుల్ మార్చాక అదే బ్యాటరీ మరో ఐదేళ్ళు నడిచింది.

అందుకే టెర్మినల్స్ ముందు చూడు. తెల్లటి లేదా పచ్చటి పొడి పట్టి ఉంటే ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ ఊడదీసి, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో బ్రష్ పెట్టి కడిగి, బాగా తుడిచి ఆరబెట్టు. బిగించేటప్పుడు నెగెటివ్ ఆఖరున.

మన దగ్గర కొందరు మెకానిక్‌లు బండి నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ఇంజిన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు అని తేల్చేవారు. నాన్నగారు ఆ మాట చెప్పినా చేయకు. ఇప్పటి బండ్లలో ఒక్కసారిగా వోల్టేజ్ ఎగిసి ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు.

పూర్తిగా డౌన్ అయిన బ్యాటరీ సుమారు మైనస్ 10లోనే గడ్డకట్టడం మొదలవుతుంది, నిండుగా ఉన్నది మైనస్ 60 దాకా తట్టుకుంటుంది. కాబట్టి డౌన్ అయిన బ్యాటరీని రాత్రంతా బయట వదిలేయకు. పక్కలు ఉబ్బి కనిపిస్తే జంప్ అసలు చేయకు, పేలవచ్చు. ఊడదీసి లోపలికి తెచ్చి, కరిగాక పగుళ్ళు ఉన్నాయేమో చూసుకున్నాకే ఛార్జర్. మామూలు జంప్‌లో కూడా ఆఖరి నల్ల క్లిప్ నీ బ్యాటరీకి కాదు, దూరంగా ఇంజిన్ మీద బోడి ఇనుముకు పెట్టు. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కు ఆ నిప్పురవ్వ తగలకూడదు.

నీ పది నిమిషాల ఆఫీసు ప్రయాణం కూడా ఒక కారణమే. సీటు హీటర్, బ్లోయర్, అద్దం హీటర్ అన్నీ వేసుకుని పది నిమిషాలు నడిపితే సెల్ఫ్ తిన్నది కూడా తిరిగి నిండదు. జంప్ చేశాక అరగంట తిప్పితే సరిపోతుందనుకోవద్దు, రాత్రంతా ఛార్జర్ మీద ఉంచాలి. బండి ముందు వేలాడే ప్లగ్ బ్లాక్ హీటర్‌ది. అది ఇంజిన్‌ను వెచ్చబెడుతుంది కానీ బ్యాటరీని ఛార్జ్ చేయదు, చాలామంది కొత్తవాళ్ళు పొరబడేది ఇక్కడే. టైమర్ పెట్టి బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు వేస్తే చాలు.

డాష్ కెమెరా ఉంటే తీసేసి చూడు. బండి ఆపాక కూడా అర ఆంపియర్ తాగేది ఏదైనా ఉంటే నాలుగు రోజుల్లో 48 ఆంపియర్ అవర్లు పోతాయి, చిన్న కారు బ్యాటరీలో ఉండేది దాదాపు అంతే.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. మంచులో ఇంజిన్ ఆన్‌లో ఉంచి కూర్చునే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయి. మూసిన గ్యారేజీలో అసలు నడపకు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, దానికి వాసన ఉండదు.

* * *

అన్నా, మీటర్ తెచ్చాను. పొద్దున్న 12.0. సెల్ఫ్ కొడితే 8 కంటే కిందికి పడింది, స్టార్ట్ కాలేదు. జంప్ చేశాక నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.9, అన్నీ వేస్తే 12.3. మీరు చెప్పినట్టు ఆల్టర్నేటర్ దగ్గర కూడా చూశాను, 13.0. స్టార్ట్ అయిన మొదటి నిమిషం కీచుమని అరుస్తుంది, చలికి అనుకుని పట్టించుకోలేదు.

* * *

తమ్ముడూ, బాగా చూశావు. రెండు చోట్లా దాదాపు ఒకటే కాబట్టి కేబుళ్ళు బాగున్నాయి. కరెంటు తయారవడమే తక్కువ. 12.0 ఉన్న బ్యాటరీ సెల్ఫ్ కొడితే 8కి పడడం వింత కాదు, దాన్నిబట్టి బ్యాటరీని తప్పు పట్టలేం. ఆ కీచు శబ్దం బెల్ట్ జారడం వల్ల వచ్చేది. ఇంజిన్ ఆపేసి, నీ మెడలో మఫ్లర్ తీసి పక్కన పెట్టి, టార్చి వేసి బెల్ట్ లోపలి వైపు చూడు. అద్దంలా మెరుస్తున్నా, పగుళ్ళు కనిపించినా ఆల్టర్నేటర్ జోలికి పోకముందు బెల్ట్ మార్పించు, బెల్ట్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా చూడమను. అది ఆల్టర్నేటర్ ధరలో చిన్న భాగం. మార్చిన రాత్రే బ్యాటరీని ఛార్జర్ మీద పెట్టు. నిండకుండా షాపుకి తీసుకెళితే మంచి బ్యాటరీ కూడా టెస్ట్‌లో ఫెయిల్ అవుతుంది. మర్నాడు మూడు రీడింగులూ మళ్ళీ తీసి ఇక్కడ రాయి. అప్పుడు కూడా 13 దాటకపోతే ఆల్టర్నేటర్ మాట ఎత్తుదాం. ఛార్జర్ లేకపోతే నా దగ్గర ఉంది, నేను సెయింట్ వైటల్‌లోనే ఉంటాను, సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళు.