టీవీలో సుఖమైన కొలువు ఏది? బరంపురానికి కొత్తగా వచ్చినవారి ప్రశ్న

టెక్కలి తమ్ముడు: బరంపురం వచ్చి నెలైంది. వాతావరణం చెప్పే పని హాయిగా కనిపిస్తోంది, మూడు నిమిషాలు చెయ్యి ఊపితే చాలు కదా. అలాంటిదేమైనా చెప్పండి. అద్దె ఇల్లు కూడా కావాలి.

పర్లాకిమిడి మాస్టారు: అక్కడ మ్యాపే ఉండదు బాబూ. వెనక ఉత్త ఆకుపచ్చ గోడ, ఆ రంగున్న చోటల్లా కంప్యూటరు మ్యాపు నింపుతుంది. మ్యాపు పక్కనున్న మానిటర్లో కనబడుతుంది, దాన్ని చూస్తూ గాల్లో గోపాల్‌పూర్ వెతుక్కోవాలి. వాయుగుండం బంగాళాఖాతంలో ఉంటే కొత్తవాళ్ల వేలు బస్తర్ మీదికి పోతుంది. చిలకపచ్చ జాకెట్టు వేసుకుంటే ఒంటిమీదే మబ్బులు పడతాయి. గోడకి ఆనుకుని నిలబడితే పచ్చ వెలుగు భుజాలకి అంటి అంచులు చెడతాయి. ఐదారడుగులు ఎడం ఉండాల్సిందే.

రాయగడ అక్క: సుఖమంటే ప్రాంప్టరు, అంటే చదివేవారి కళ్లముందు వార్త అక్షరాలు నడిపించే పని. కుర్చీలో కూర్చుని చక్రం తిప్పడమే. కెమెరా లెన్సు ముందు 45 డిగ్రీల వాలులో అవతలికి కనబడే గాజు అద్దం, కింద తెర, అద్దంలో తిన్నగా కనబడాలని తెరలో అక్షరాలు తిరగేసి. చదివేవారి వెనకే మనం నడవాలి, ముందు కాదు. '1,50,000' అని వదిలేస్తే తడబడతారు, 'లక్షన్నర' అని రాయాలి. పాత ఫాంటులోంచి యూనికోడ్‌లోకి మార్చిన వార్తలో ఒత్తులు ఊడిపోతాయి, బులెటిన్‌కి ముందే ఓసారి చివరిదాకా తిప్పి చూసుకోవాలి.

పర్లాకిమిడి మాస్టారు: అది సుఖమా తల్లీ! బులెటిన్ నడుస్తుండగానే వార్తలు కిందామీదా చేస్తారు. చక్రం ఆగితే తెరమీద ఆగేది చదివే మనిషి, తిట్లు తినేది తిప్పే మనిషి.

రాయగడ అక్క: అందుకే అదే వార్త కాగితం మీద కూడా అచ్చేసి చదివేవారి బల్లమీద పెడతారు మాస్టారూ.

బడాబజార్ అన్న: మీ ఇద్దరి కొలువులూ స్టూడియో ఉన్న ఊళ్లోనే. తమ్ముడు ఉన్నది బరంపురంలో. ఇంట్లోంచి చేసేది గొంతు పని, ఒడియా కథనాలకి తెలుగు గొంతు. రికార్డింగు వేవ్ (WAV) ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్‌లో పంపు, నాణ్యత తగ్గించి కుదించే ఎంపీ3 పంపకు. ఎంత గట్టిగా పలికినా రికార్డింగు మీటరులో ముల్లు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి. తిన్నగా పెడితే ప, భ దగ్గర గాలి కొడుతుంది. ఫ్యాను ఆపేయాలి, మే నెలయినా సరే.

అసలు చిక్కు పలుకుబడిది. ఒడియాలో శ, ష, స మూడూ 'స'గానే పలుకుతారు, అందుకే ఇక్కడ ఒడియా బడిలో చదివిన మన పిల్లల నోట శాంతి 'సాంతి' అయిపోతుంది. నీకు ఆ బాధ లేదు. కానీ ఒడియా పేర్లొచ్చినప్పుడు అకారాన్ని ఒకారం వైపు గుండ్రంగా తిప్పాలి. ళ మాత్రం రెండు భాషల్లోనూ ఉంది, అది కలిసొస్తుంది.

బిల్లు మీద పాన్ నంబరు రాయి. ఫీజు మీద టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను, కోస్తే మామూలుగా 10 శాతం, పాన్ ఇవ్వకపోతే 20.

రాయగడ అక్క: ఇల్లు సంగతి ఎవరూ చెప్పలేదు. రేకుల కప్పు వద్దు, వానొస్తే రికార్డింగు ఆగిపోతుంది. బస్సులు తిరిగే వీధీ వద్దు. గోడలకి మేకులు కొడితే అడ్వాన్సులో కోసేసే ఇంటివాళ్లున్నారు, గది మార్మోగకుండా కిటికీ ఊచలకి తాడు కట్టి బొంతలు వేలాడదీయి.

పర్లాకిమిడి మాస్టారు: ఇన్వర్టరు ఆ గదిలో పెట్టకు. దాని గుయ్యిమనే మోత చెవికి ఆనదు, మైకుకి ఆనుతుంది.