టవర్ సిగ్నల్ చూపించే యాప్‌కి నా లొకేషన్ ఎందుకు?

తులసికోట_సిగ్నల్

అందరికీ నమస్తే. మాది కోనసీమలో ఒక పల్లెటూరు, ఊరి పేరు మాత్రం అడగకండి. మెడికల్ కోడింగ్ ఉద్యోగం, మూడేళ్లుగా ఇంటి నుంచే పని. నెట్‌కి లోటు లేదు, ఫైబర్ ఉంది. గొడవల్లా లాగిన్ ఓటీపీతోనే. నా గది ఇంటికి వెనకవైపు. పైన స్లాబు, కిటికీకి ఎదురుగా పక్కింటివాళ్ల రెండంతస్తుల గోడ. ఫోన్‌లో ఒక్క పాయింటు ఉంటే ఒట్టు. రోజూ పొద్దున్న ఏడింటికి ఫోన్ పట్టుకుని పెరట్లో తులసికోట దగ్గరికి పరిగెత్తడం, ఓటీపీ రాగానే ఆ ఆరు అంకెలూ గొణుక్కుంటూ మళ్లీ గదిలోకి రావడం. వానాకాలమైతే గొడుగుతో. నేను భక్తిగా తులసమ్మకి ప్రదక్షిణలు చేస్తున్నాననుకుని మా అమ్మ కొన్నాళ్లు తెగ మురిసిపోయింది.

కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ ఒకటే మాట: "మేడం, మీ ఏరియాలో కవరేజ్ బాగుంది, ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి." మా టీములో ఒకబ్బాయి, "నంబర్లతో చెప్తేగానీ వాళ్లు వినరు" అని ఒక యాప్ పేరు చెప్పాడు. ఏ టవరు, ఏ బ్యాండు (అంటే ఏ ఫ్రీక్వెన్సీ), సిగ్నల్ బలం ఎన్ని డీబీఎం (అది దాని కొలత), అన్నీ చూపిస్తుందట.

సరేనని వేసుకున్నాను. తెరవగానే లొకేషన్ అడిగింది. ఆ వెంటనే ఫోన్ కాల్స్ చేయడానికి, మేనేజ్ చేయడానికి అనుమతి కావాలంది. అక్కడ ఆగిపోయాను. నేను చూడాలనుకున్నది టవర్ని. నేనెక్కడున్నానో దానికెందుకు? నా ఫోన్‌లో కాల్స్ అది చేయడమేమిటి? లొకేషన్‌లో ఉజ్జాయింపు అని ఒకటి కనిపిస్తే అది నొక్కి చూశాను. స్క్రీనంతా ఖాళీ. నాన్నైతే "ఆ ఫోన్లోనే బ్యాంకుంది, ముందు ఆ యాప్ పీకేయ్" అంటున్నారు.

మా తమ్ముడికి ఇలాంటి పట్టింపులేం లేవు. తన ఫోన్‌లో అన్నిటికీ ఓకే కొట్టేసి, నా గదిలో నిలబడి స్క్రీన్‌షాట్ తీశాడు. అందులో ఉన్నవి ఇవి, తెలిసినవాళ్లు చెప్పండి:

4జీ, బ్యాండ్ 40, ఆర్‌ఎస్‌ఆర్‌పీ -119
టీఏసీ: తీసేశాను
సెల్ ఐడీ: తీసేశాను

(సవరణ: కింద ఒకాయన చీవాట్లు పెట్టాక ఆ రెండు నంబర్లూ చెరిపేశాను.)

పర్మిషన్ ఇవ్వచ్చా, వద్దా?

భద్రం_బ్రదర్

ఇవ్వద్దు. టార్చిలైట్ యాప్ కాంటాక్టులు అడిగిన రోజుల నుంచి చూస్తున్నా. అడిగిందంటే వెనకాల ఏదో ఉన్నట్టే. మీ నాన్నగారి మాట వినండి.

పాత_డ్రైవ్‌టెస్ట్

భద్రం గారూ, టార్చికీ దీనికీ పోలిక లేదండి. నేను పన్నెండేళ్లు డ్రైవ్ టెస్ట్ చేశాను. అంటే కారులో ఒక ల్యాప్‌టాప్, నాలుగు ఫోన్లు పెట్టుకుని శ్రీకాకుళం నుంచి తుని దాకా రోడ్డు రోడ్డునా సిగ్నల్ కొలుచుకుంటూ తిరగడం.

అమ్మా, ముందు ఆ టీఏసీ, సెల్ ఐడీ తీసేయండి. ఊరి పేరు అడగొద్దన్నారు, కిందకొచ్చి ఊరి పేరే రాశారు, అంకెల్లో!

ఎలాగంటారా? ప్రతి సెల్‌కీ, అంటే టవర్ మీద ఒక్కో యాంటెన్నా కవర్ చేసే భాగానికి, ఇంటి నంబరు లాంటిది ఉంటుంది. మొదట దేశం కోడ్, మనకి 404 లేదా 405. ఆ తర్వాత కంపెనీ, సర్కిల్ (టెలికాం కోసం దేశాన్ని విడగొట్టిన ప్రాంతం). (రాష్ట్రం 2014లో రెండైనా టెలికాంలో మనం ఇప్పటికీ ఒకే సర్కిల్, అది వేరే కథ.) ఆపైన ప్రాంతం (అదే టీఏసీ), చివర సెల్ ఐడీ. 4జీలో ఆ సెల్ ఐడీని 256తో భాగించండి. వచ్చింది టవర్ నంబరు, మిగిలిన శేషం ఆ టవర్ మీద ఏ యాంటెన్నాయో చెప్తుంది. ఈ నంబర్లు ఎక్కడెక్కడివో జనమే పోగేసి పెట్టిన పట్టికలున్నాయి, ఓపెన్‌సెల్‌ఐడీ, సెల్‌మ్యాపర్ లాంటివి. మీరు ఇచ్చిన నంబరు నేను అందులో వేసి చూశాను. రెండు నిమిషాలు పట్టలేదు. కాలవ గట్టు పక్కన టవరు. ఇంకేం రాయను.

ఇంకోటి, కొన్ని ఫోన్లలో టైమింగ్ అడ్వాన్స్ అని ఒక అంకె కూడా కనిపిస్తుంది. 4జీలో దాని ఒక్కో మెట్టు సుమారు 78 మీటర్లు. టవర్ నుంచి మీరెంత దూరంలో ఉన్నారో దాన్ని బట్టి లెక్కేయొచ్చు. జీపీఎస్ అక్కర్లేదు.

అదండీ సంగతి. టవర్ నంబరు తెలిస్తే మీరు ఎక్కడున్నారో తెలిసినట్టే. అందుకే ఆండ్రాయిడ్ దాన్ని లొకేషన్ పర్మిషన్ వెనకాల పెట్టి తాళం వేసింది. అడక్కుండా ఇచ్చేస్తేనే మనం భయపడాలి.

ఇక మీ సిగ్నల్ మాట. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే టవర్ నుంచి మీ ఫోన్‌కి అందుతున్న సిగ్నల్ బలం, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. -85 లోపు ఉంటే దర్జాగా ఉన్నట్టు. -110 దాటితే అవస్థే. మీది -119, పైగా బ్యాండ్ 40. అంటే 2300 మెగాహెర్ట్జ్, వేగం బాగుంటుంది గానీ స్లాబుల్నీ గోడల్నీ దూరి రావడం దానికి చేతకాదు. ఆ పని 850ది, అంటే బ్యాండ్ 5ది. ఇంట్లో ఇంకెక్కడైనా బ్యాండ్ 5 దొరుకుతుందేమో చూడండి.

కూకట్‌పల్లి_కోడర్

పై జవాబుకి రెండు ముక్కలు కలుపుతాను, ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడమే నా పని.

ఉజ్జాయింపు నొక్కితే ఖాళీగా రావడం యాప్ తప్పు కాదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి సెల్ సమాచారం కావాలంటే కచ్చితమైన లొకేషన్ పర్మిషనే ఉండాలి. పైన లాగితే వచ్చే లొకేషన్ బటన్ కూడా ఆన్‌లో ఉండాలి. నేను మొదటిసారి ఇలాంటిది రాసినప్పుడు, ఆ బటన్ ఆఫ్‌లో ఉందని తెలియక ఒక ఆదివారమంతా నా కోడ్‌నే తిట్టుకున్నాను.

"కాల్స్ చేయడానికి" అనే డైలాగ్ చూసి చాలామంది బెదిరిపోతారు. దానికి కారణం, ఫోన్‌కి సంబంధించిన అనుమతులన్నిటికీ ఒకే గుంపు, ఒకే వాక్యం. నిజంగా కాల్ చేసే యాప్ అడిగినా, ఏ సిమ్ ఉంది, నెట్‌వర్క్ 4జీయా 5జీయా అని చూసే యాప్ అడిగినా అదే వాక్యం కనిపిస్తుంది. కాల్ లాగ్ ఆండ్రాయిడ్ 9 నుంచి వేరే గుంపు. మామూలు యాప్‌లకి ఐఎంఈఐ (ఫోన్‌ని గుర్తుపట్టే) నంబరు ఆండ్రాయిడ్ 10 నుంచి అందదు. మెసేజ్‌లు చదవడానికి మళ్లీ వేరే పర్మిషన్. సిగ్నల్ యాప్ మెసేజ్‌లు కూడా అడిగిందంటే మాత్రం నాన్నగారు చెప్పినట్టు పీకేయండి.

నాకు అనుమానం వేరే చోట. ఇంటర్నెట్ వాడటానికి యాప్ మిమ్మల్ని ఏమీ అడగదు, ఆ డైలాగే లేదు. మీ కొలతలు ఫోన్‌లోనే ఉంటున్నాయా, ఎక్కడికైనా పోతున్నాయా అన్నది అసలు ప్రశ్న. మ్యాపులు తయారుచేసే యాప్‌లకైతే పంపడమే పని, వాళ్లు దాచరు కూడా. సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ లాంటి మాట ఏదైనా ఉంటే ఆపండి. లొకేషన్‌కి "ఈసారి మాత్రమే" ఇవ్వండి. "ఎల్లప్పుడూ" అస్సలు వద్దు.

అసలు యాప్ లేకుండానే కొంత చూడొచ్చు. చాలా ఫోన్లలో సెట్టింగ్స్, ఫోన్ గురించి, సిమ్ స్టేటస్ అని వెళ్తే డీబీఎం ఉంటుంది. డయలర్‌లో *#*#4636#*#* కొట్టినా కొన్నిట్లో వస్తుంది.

లావణ్య_సిరిసిల్ల

నాది ఐఫోన్. ఐఫోన్‌లో బయటి యాప్‌లకు సెల్ నంబరు ఇవ్వనే ఇవ్వరు, కాబట్టి ఈ పంచాయితీ మాకు లేదు. *3001#12345#* కొట్టి కాల్ నొక్కితే ఫోనే చూపిస్తుంది.

అది సరే గానీ అక్కా, ఇంట్లో ఫైబర్ పెట్టుకుని ఓటీపీ కోసం తులసికోట దాకా ఎందుకు? వైఫై కాలింగ్ ఆన్ చేసుకోరాదూ, టవర్ బదులు వైఫై మీదుగానే కాల్స్, మెసేజ్‌లు వస్తాయి కదా?

తులసికోట_సిగ్నల్

నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను.

"ఈసారి మాత్రమే" ఇచ్చి, నాన్నని పక్కన నిలబెట్టుకుని ఇల్లంతా కొలిచాను. ఆయన పాత క్యాలెండర్ వెనకాల రాసుకున్నారు. గదిలో -118, బ్యాండ్ 40. తులసికోట దగ్గర -103, అదే బ్యాండు. మేడ మీద -89. వంటింట్లో ఫ్రిజ్ పక్కన -106, అక్కడ మాత్రం బ్యాండ్ 5! ఆ కాగితం చూస్తూ కస్టమర్ కేర్‌కి చెప్తే ఈసారి ఆఫ్ చేసి ఆన్ చేయమనలేదు, కంప్లయింట్ నంబరిచ్చారు. ఎవరూ రాలేదింకా.

లావణ్యా, నువ్వు చెప్పింది సిమ్ సెట్టింగ్స్‌లోనే ఉంది, ఆఫ్ అయి. మూడేళ్లు పెరట్లో పరిగెత్తానని తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఇప్పుడు గదిలోనే కాల్స్ వస్తున్నాయి, ఓటీపీ కూడా. "ప్రదక్షిణలు మానేశావేమే?" అని అమ్మ అడుగుతోంది, ఏం చెప్పాలో తోచక సాయంత్రం పూట దీపం పెడుతున్నాను.

కూకట్‌పల్లి గారూ, మీరు చెప్పారని మా తమ్ముడి ఫోన్ తీసి చూశాం. వాడు "ఎల్లప్పుడూ" ఇచ్చేశాడు, అప్‌లోడ్ కూడా ఆన్‌లోనే ఉంది. యాప్‌లో మ్యాప్ తెరిస్తే ఇంటి నుంచి కాలేజీ దాకా దారి పొడుగునా రంగు చుక్కలు. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ చుక్కల వెంట వేలు పోనిచ్చుకుంటూ వెళ్లారు. ఆదివారం స్పెషల్ క్లాసన్న రోజున అవి అంతర్వేది బీచ్ దాకా ఉన్నాయి.

ఆ యాప్ వాడే తీసేశాడు, ఎవరూ చెప్పకుండానే.