పాత తిరస్కరణ ఉంటే కెనడా స్టూడెంట్ వీసా దరఖాస్తులో ఏమని రాయాలి?

ప్రశ్న:
నేను బ్రిటన్‌లో చదువుతూ, గడువు లోపలే వీసా పొడిగింపుకు దరఖాస్తు చేశాను. బ్యాంకు ఖాతాలో చూపవలసిన మొత్తం వరుసగా 28 రోజులు నిలవలేదని తిరస్కరించారు. ఆ ఉత్తరం అందిన ఐదు వారాలకు సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని తిరిగి వచ్చేశాను. ఇప్పుడు కెనడాలో సీటు వచ్చింది. వేరే దేశపు సంగతి వారికి తెలియదు కనుక, పాత తిరస్కరణల గురించి అడిగిన చోట "లేదు" అని పెడదామని కన్సల్టెన్సీ వారు అంటున్నారు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

టొరంటో నుంచి:
దయచేసి ఆ మాట వినకండి. కెనడా గానీ మరే దేశం గానీ మీకు వీసా నిరాకరించిందా, రానివ్వకుండా వెనక్కి పంపిందా, వెళ్లిపొమ్మని ఆదేశించిందా అన్నదే అక్కడి ప్రశ్న. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వలస శాఖలు వేలిముద్రల వివరాలను పరస్పరం సరిచూసుకుంటాయి. తిరస్కరణ ఉన్నంత మాత్రాన వీసా ఇవ్వకూడదని కెనడా చట్టంలో లేదు. దాచినట్టు తేలితే మాత్రం 40వ సెక్షన్ కింద 5 ఏళ్ల నిషేధం పడుతుంది. 2014కు ముందు అది 2 ఏళ్లే ఉండేది. ఫారం నింపింది కన్సల్టెన్సీ వారైనా సంతకం మీది, బాధ్యతా మీదే.

మెల్‌బోర్న్ నుంచి:
ఆ బాధ్యత ఎలా ఉంటుందో నేను అనుభవించాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నేను ఆస్ట్రేలియా వీసాకు దరఖాస్తు చేసేనాటికి నాకు వేరే దేశంలో ఒక తిరస్కరణ ఉంది. ఆ కాగితం నేనే ఏజెంటు చేతిలో పెట్టాను. ఆయన తన ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, నాకు చూపకుండానే "లేదు" అని నింపి పంపేశాడు. కొన్ని నెలల తరువాత, తప్పుడు సమాచారం ఇచ్చినట్టు కనబడుతోంది, 28 రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి అని ఉత్తరం వచ్చింది. అది కూడా ఆయన ఈమెయిల్‌కే వెళ్లింది. నాకు తెలిసేసరికి వారం రోజులే మిగిలాయి. ఏజెంటు చేసిన తప్పు అని ఎంత మొరపెట్టుకున్నా ఒప్పుకోలేదు. 4020 నిబంధన కింద 3 ఏళ్లు ఆగవలసి వచ్చింది, ఆ సీటూ పోయింది. ఆ పాత తిరస్కరణను ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఒక పేజీ వివరణతో పోయేదని ఇప్పటికీ బాధ కలుగుతుంది.

లండన్ నుంచి:
నా మాట కూడా వినండి. బ్రిటన్‌లో 90 రోజుల లోపు ఓవర్‌స్టేను, అంటే అనుమతి ముగిశాక కూడా ఉండిపోవడాన్ని, లెక్కలోకి తీసుకోరు. ఐదు వారాలకు ఇంత కంగారు అక్కరలేదు.

లెస్టర్ నుంచి:
అన్నయ్యగారూ, మీరు చెప్పింది పాత నియమం. 2017 ఏప్రిల్ నుంచి అది 30 రోజులే. అది దాటితే, సొంత ఖర్చుతో వెళ్లినవారికి సైతం 12 నెలల నిషేధం ఉంటుంది. అయితే ఈయన గడువు లోపలే దరఖాస్తు చేశారు కదా. అలాంటప్పుడు నిర్ణయం వచ్చేవరకూ, ఆపైన పునఃపరిశీలన కోరడానికి ఇచ్చే 14 రోజులు ముగిసేవరకూ పాత అనుమతి బ్రిటన్ వలస చట్టం 3సీ సెక్షన్ కింద కొనసాగుతుంది. ఆ లెక్కన ఓవర్‌స్టే ఐదు వారాలు కాదు, దాదాపు మూడు వారాలే.

లండన్ నుంచి మళ్లీ:
90 అన్నది నా కాలపు లెక్క, సరిదిద్దినందుకు సంతోషం. కానీ కెనడా ఫారం అడిగేది తిరస్కరణ గురించి. అడగని ఓవర్‌స్టేను మనంతట మనమే ఎందుకు బయటపెట్టుకోవాలి?

టొరంటో నుంచి మళ్లీ:
ఇక్కడ మీతో ఏకీభవించలేను. గత 5 ఏళ్లలో 6 నెలలకు మించి ఏ దేశంలో ఉన్నారో, ఏ హోదాలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో అదే ఫారం అడుగుతుంది. ఆ తేదీలను నిజంగా రాస్తే ఆ మూడు వారాలు వాటంతటవే కనబడతాయి. అధికారి వాటిని తానుగా కనిపెట్టడం కన్నా మీ వివరణలో ముందే చదవడం మేలు.

ప్రశ్న అడిగిన సోదరులకు: "అవును" అని పెట్టి, ఏ తేదీన ఏ కారణంతో తిరస్కరించారో, ఎప్పుడు బయలుదేరారో, ఈసారి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఒక పేజీలో రాయండి. పాత కారణం డబ్బే కనుక అధికారి మొదట చూసేదీ అదే. తిరస్కరణ ఉత్తరం దొరకకపోతే బ్రిటన్ హోం ఆఫీసును మీ వ్యక్తిగత రికార్డుల నకలు అడగవచ్చు, దానికి రుసుము లేదు. బ్రిటన్ నుంచి బయటికి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టులో ముద్ర వేయరు. అందువల్ల ఆనాటి బోర్డింగ్ పాసు, టికెట్టు కోసం పాత ఈమెయిళ్లలో ఈరోజే వెతకండి. స్వదేశంలో దిగినప్పటి ముద్ర ఉన్న పేజీని కూడా స్కాన్ చేసి జతపరచండి. కన్సల్టెన్సీ వారి ద్వారానే వెళ్లదలిస్తే, నింపిన ఫారం ప్రతి పేజీ మీరు చదివేదాకా పంపవద్దని వారికి రాతపూర్వకంగా చెప్పండి.