నాన్నగారి అంబాసిడర్‌కి జపాన్ ఇంజన్, వేయించాలా వద్దా?

పాలకొల్లు_అంబీ:
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు పక్కన. నాన్నగారి అంబాసిడర్ మార్క్ 4 డీజిల్ ఉంది, ఆ 1489 సీసీ ఇంజన్దే. ఇంజన్ అయిపోయిందండి, ఆయిల్ తాగేస్తోంది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే వీధంతా పొగ. ఇప్పటికే ఓవర్‌సైజ్ పిస్టన్లు పడున్నాయి, ఇంకోసారి బోరు చెయ్యడానికి (సిలిండర్లు లోపల చెక్కి పెద్దవి చెయ్యడానికి) బ్లాకులో మందం లేదు, స్లీవులు (సిలిండర్లలో దించే కొత్త గొట్టాలు) కొట్టాలంటున్నారు. ఈలోగా విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన జపాన్ నుంచి వచ్చిన టయోటా 2సీ డీజిల్ ఉంది, గేర్‌బాక్సుతో సహా బిగించి ఇస్తానన్నాడు. మా బావ వేయించెయ్ అంటాడు, మా ఊరి మేస్త్రి ఆ జోలికి పోవద్దంటాడు. నాకు బండి అమ్మే ఉద్దేశం లేదు, షెడ్డులో పెట్టి పసుపూ కుంకం పెట్టే ఉద్దేశం కూడా లేదండి. భీమవరం, నర్సాపురం తిరగాలి, పెళ్ళిళ్ళకి రాజమండ్రి దాకా వెళ్ళాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

కాకినాడ_కాంటెస్సా:
వేయించండి, రెండో మాట లేదు. జపాన్ ఇంజన్ పెడితే అంబాసిడర్ అంబాసిడర్ కాకుండా పోతుందనేవాళ్ళకి నేనొకటి గుర్తు చేస్తా, ఆ పని మొదట చేసింది కంపెనీయే. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళదే కాంటెస్సా కారు 1984లో వచ్చినప్పుడు అంత పెద్ద బాడీకి ఈ 1489 ఇంజనే పెట్టారు, లాగలేకపోయింది. తర్వాత ఇసుజు 1.8 పెట్రోల్ పెట్టి క్లాసిక్ అని తెచ్చారు, అప్పుడు బండికి పేరొచ్చింది. 1990ల మొదట్లో అదే ఇంజన్ అంబాసిడర్‌లో పెట్టి 1800 ఐఎస్‌జెడ్ అన్నారు. ప్రీమియర్ వాళ్ళు 118ఎన్ఈ తెస్తే బాడీ ఫియట్ 124ది, ఇంజన్ నిస్సాన్ ఏ12. అంటే మన దేశం బళ్ళు ముసలివైపోయిన ప్రతిసారీ నిలబెట్టింది జపాన్ ఇంజనే కదా. పైగా జపాన్లో కొత్త బండికి మూడేళ్ళకి, ఆ తర్వాత రెండేళ్ళకోసారి తనిఖీ, 13 ఏళ్ళు దాటితే పన్ను పెరుగుద్ది, అందుకని బాగున్న బళ్ళు కూడా వదిలేస్తారు. ఆ ఇంజన్లు మన దగ్గర పదిసార్లు బోరు కొట్టినవాటికంటే వెయ్యి రెట్లు నయం.

అమలాపురం_మార్క్2:
కాంటెస్సా గారూ, కంపెనీ చేసిందానికీ షెడ్డులో చేసేదానికీ పోలికేంటండి? హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు ఇసుజు దగ్గర టెక్నాలజీ తీసుకుని పీతంపూర్‌లో ఫ్యాక్టరీ పెట్టి ఇంజను, గేర్‌బాక్సు అక్కడే తయారు చేశారు. మౌంటింగులు, క్లచ్చి, ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకి తిప్పే కడ్డీ) అన్నీ లెక్కేసి, టెస్టు చేసి, అనుమతి తీసుకుని అమ్మారు. ఆటోనగర్‌లో ఆయన గ్యాస్ కట్టర్‌తో కోసి వెల్డింగ్ కొడతాడు. నేను ఇలా పాడైపోయిన బళ్ళు చాలా చూశా, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ లోపలికీ మధ్య రేకు గోడ) కోసేస్తారు, క్రాస్‌మెంబర్ (ఇంజన్ కింద అడ్డంగా ఉండే దూలం) కోసేస్తారు, రెండేళ్ళు తిరిగాక వైబ్రేషన్ అని వదిలేస్తారు, అప్పుడు పాత ఇంజన్ పెట్టుకుందామన్నా చోటు ఉండదు, ఉన్న ఇంజన్ని ఇనప సామాన్లకి అమ్మేసుంటారు. ఉత్తరపాడా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది, ఇంక కొత్త అంబాసిడర్ పుట్టదు. ఉన్న ప్రతి బండీ తగ్గిపోయేదే. అలాంటిదాన్ని కోస్తామంటే నాకు మనసొప్పదండి.

తణుకు_నల్లకోటు:
బండి ప్రేమ అటుంచండి, చట్టం సంగతి ఎవరూ అనట్లేదేంటి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. ఆర్సీలో రాసున్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. సీఎన్జీ, ఎల్పీజీ, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి మార్చుకోడానికి షరతులతో దారి ఉంది, డీజిల్ తీసి ఇంకో కంపెనీ డీజిల్ పెట్టడానికి అలాంటి దారి లేదు. అదే మేకు (తయారీ కంపెనీ), అదే టైపు ఇంజన్ మార్చుకుని ఆఫీసులో రాయించుకుని కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోవడం వేరే విషయం. 2019 సవరణ తర్వాత 182ఏ కింద ఒక్కో మార్పుకి ఐదు వేలు జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ. ఇంకోటి, మీ బండికి 15 ఏళ్ళు ఎప్పుడో దాటిపోయుంటాయి, ఐదేళ్ళకోసారి రెన్యువల్‌కి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకి తీసుకెళ్ళాలి. ఆయన బానెట్ ఎత్తి ఇంజన్ నంబర్ అడిగితే ఏం చెప్తారు?

రాజోలు_చెరువుగట్టు:
ఆయ్, లాయరుగారూ మీరు చెప్పింది నిజమే కానీ మా ఏరియాలో సగం జీపులు ఏ ఇంజన్‌తో తిరుగుతున్నాయో ఎవరికీ తెలీదండి. చెరువు గట్ల మీద మేత బస్తాలు, ఏరియేటర్ మోటార్లు మోసేవి, ఒరిజినల్ అని కూర్చుంటే పంట పోద్ది. అసలు మహీంద్రా ఎంఎం540లో కంపెనీ పెట్టిన డీజిలే ఫ్రాన్సు ప్యూజోది. మాది ఆ జీపే, ఇంజన్ పోయాక జపాన్ డీజిలేదో పెట్టించాం, రేగడి మట్టిలో వానాకాలం కూడా లాగేస్తోంది. బండి ఉన్నది తిరగడానికండి. స్పేర్లు దొరక్క నెలల తరబడి టైరు కింద ఇటుకలు పెట్టి నిలబెట్టిన బండికి ఒరిజినాలిటీ ఉండి ఏం ఉపయోగం.

తణుకు_నల్లకోటు:
గట్టు మీద తిరగడం వేరు, పదహారో నంబరు హైవే ఎక్కి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళడం వేరండి. మావాళ్ళలో ఒకరికి ఇలాగే వేరే ఇంజన్ పడ్డ బండి సిద్ధాంతం బ్రిడ్జి దగ్గర లారీ వెనక గుద్దుకుంది. డ్యామేజీ క్లెయిము పెడితే సర్వేయర్ ఇంజన్ నంబరు ఫోటో తీసుకుని వెళ్ళాడు, పాలసీలో నంబరుకీ దీనికీ పొంతన లేదని కంపెనీ చేతులెత్తేసింది. పోలీసులు కూడా ముందు దొంగ బండేమో అనే కోణంలో అడిగారు. ప్రీమియం మాత్రం ఏటా కడుతూనే ఉన్నారు పాపం. అదీ ఆలోచించండి.

రావులపాలెం_షెడ్డు:
నేను మెకానిక్‌ని, రెండు పక్షాలూ చెప్పనిది చెప్తా. 2సీ మంచి ఇంజనేనండి, 1974 సీసీ, పంపు మెకానికల్, కంప్యూటర్ గొడవ లేదు, మన వర్షాలకీ వరదలకీ అదే మేలు. ఎలక్ట్రానిక్ ఇంజనైతే రోడ్డు మీద నీళ్ళొచ్చాక కనెక్టర్లు పచ్చగా తుప్పు పట్టి ఏ వైరు ఎక్కడికి పోతుందో తెలీక ఏడవాలి, అంతర్వేది సైడు ఉప్పు గాలికి ఇంకా తొందరగా పోతాయి. కానీ ఆయన ఇచ్చేది ఏ బండిలోంచి తీసిందో అడగండి. 2సీ కరోనా, కారినా లాంటి ముందు చక్రాలు తిరిగే కార్లలోనూ వచ్చింది, లైట్‌ఏస్, టౌన్‌ఏస్ వ్యాన్లలోనూ వచ్చింది. కారుదైతే ఇంజన్ అడ్డంగా ఉంటుంది, దాని గేర్‌బాక్స్ మీకు పనికిరాదు. వ్యాన్‌ది నిలువుగా ఉంటుంది కానీ వ్యాన్‌లో ఇంజన్ సీటు కింద కూర్చుంటుంది, గేరు లింకేజీ వేరేలా వస్తుంది, మీ లీవర్ ఎక్కడ పడుద్దో ముందు కొలవాలి.

తర్వాత ఇంజన్ కింద దూరి చూడండి. సంప్ గిన్నె, అంటే అడుగున ఆయిల్ నిలిచేది, ముందుకుందా వెనక్కుందా, అది క్రాస్‌మెంబర్ మీద కూర్చుంటోందా లేదా. కూర్చుంటే రెండే దారులు, సంప్ కోసి మళ్ళీ కట్టడం, లేదా ఇంజన్ పైకెత్తడం. సంప్ కోస్తే లోపల ఆయిల్ లాగే పైపు కూడా మార్చాలి, చాలామంది అది వదిలేస్తారు, బ్రేకు కొట్టినప్పుడో మలుపులోనో ఆయిల్ ఒక పక్కకి పోయి పంపు గాలి పీలుస్తుంది, అక్కడితో బేరింగులు గోవిందా. ఇంజన్ ఎత్తితే ప్రొపెల్లర్ షాఫ్ట్ యాంగిల్ మారుద్ది. గేర్‌బాక్స్ వెనక ఫ్లాంజీ (షాఫ్ట్ బిగించే బిళ్ళ), డిఫరెన్షియల్ ఫ్లాంజీ రెండూ ఒకే వాలులో ఉండాలి, తేడా ఉంటే స్పీడు మీద సీటు కింద సన్నగా ఊగుతుంది, యూజే క్రాసులు (షాఫ్ట్ చివర్ల కీళ్ళు) నిలబడవు. అమలాపురం గారన్న వైబ్రేషన్ చాలావరకూ ఇదే, ఇంజన్ తప్పు కాదు.

రేడియేటర్ పాతది చాలదు. కోత రోజుల్లో వరి ట్రాక్టర్ల వెనక సెకండ్ గేర్‌లో మైళ్ళకి మైళ్ళు వెళ్ళాలి, గాలి కొట్టదు, ఈ టయోటా సీ రకం ఇంజన్లు వేడెక్కితే హెడ్డు పగులుద్ది, అది వీటికున్న పెద్ద జబ్బు. టైమింగ్ బెల్టు ఇంజన్ బిగించక ముందే మార్చాలి, జపాన్లో మార్చారో లేదో ఎవడికీ తెలీదు, తెగితే వాల్వులు పోతాయి. ఇవన్నీ ఒక ఎత్తు, బ్రేకులు ఒక ఎత్తు. మీ పాత డీజిల్‌కి నలభై హార్స్‌పవర్ కూడా లేదు, నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. దానికి డెబ్బై దాకా ఇచ్చే ఇంజన్ పెట్టి బ్రేకులు అలాగే వదిలేస్తానన్నవాడి దగ్గర మాత్రం బండి పెట్టకండి. మా షెడ్డుకొచ్చేవాళ్ళు ఇంజన్‌కి డబ్బులు సర్దుకుని బ్రేకుల దగ్గర బేరం ఆడతారు, నేను ఒప్పుకోను.

భీమవరం_బుల్లోడు:
అన్నా డీజిల్ ఎందుకు, టయోటా 4ఏ-జీఈ పెట్రోల్ పెట్టిస్తే అదిరిపోద్ది కదా, ట్విన్ క్యామ్, 1.6, సౌండే వేరు.

రావులపాలెం_షెడ్డు:
తమ్ముడూ, డీజిల్ బండికి పెట్రోల్ అంటే ఆర్సీలో ఇంధనం కూడా మారాలి. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 80ల్లో 90ల్లో చేసిన ఇంజన్ల హోసులు, సీళ్ళు, ఇంజెక్టర్ ఓ-రింగులు దానికోసం చేసినవి కావు, అన్నీ మార్చకపోతే లీకు వస్తుంది, పెట్రోలు లీకంటే మంటే. సరదాకి పెట్టుకునేది కాదది.

పాలకొల్లు_అంబీ:
షెడ్డు గారూ చాలా థాంక్సండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఆటోనగర్‌ ఆయనకి ఫోన్ చేసి అడిగాను, ఏ బండిలోంచి తీశారంటే "టయోటాదేనండి" అంటాడు తప్ప మోడలు చెప్పడు. దిగుమతి కాగితం, బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ ఇమ్మంటే ముందు అడ్వాన్స్ పంపండి చూద్దాం అన్నాడు. ఇంకో మాట, కంపెనీవాళ్ళే తర్వాత అంబాసిడర్‌లో ఇసుజు 2.0 డీజిల్ పెట్టారు కదా, ఎక్కడైనా స్క్రాప్ బండి దొరికితే ఆ ఇంజను, గేర్‌బాక్సు, మౌంటింగులు అన్నీ తెచ్చి పెడితే? అప్పుడు కోసే పని తగ్గుద్ది కదా, మేకు కూడా హిందుస్థానే.

తణుకు_నల్లకోటు:
మేకు ఒకటే అయినా టైపు వేరు, సీసీ వేరు. ఆటోమేటిగ్గా కుదురుద్దని నేను చెప్పను. కానీ మీరు ముందే మీ ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగొచ్చు, స్క్రాప్ బండి ఆర్సీ కాపీ, ఇంజన్ కొన్న బిల్లు జత చేసి. జవాబు కాగితం మీద వచ్చేదాకా స్పానర్ పట్టకండి. నోటి మాటగా "పర్లేదు తెచ్చుకోండి" అంటే దాన్ని నమ్మొద్దు, రెన్యువల్ నాటికి ఆ ఆఫీసరు అక్కడ ఉండడు.

అమలాపురం_మార్క్2:
ఇసుజు డీజిల్ అయితే నాకు అభ్యంతరం తక్కువ, ఆ బండి పుట్టిన ఇంట్లోదే. కానీ అంతకంటే ముందు ఒకటి, మీ బ్లాకుకి స్లీవులే ఎందుకు కొట్టించకూడదు? క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బాగుంటే స్లీవులు కొట్టించి స్టాండర్డ్ పిస్టన్లు వేస్తే అది మళ్ళీ మొదటికొస్తుంది. మంచి లేత్ మేస్త్రి స్లీవుకీ బ్లాకుకీ పట్టు సరిగ్గా ఇస్తే ఆ ఇంజన్ మీ పిల్లలు కూడా నడుపుతారు. నాన్నగారు నడిపిన ఇంజన్ శబ్దం అది, తీసి పక్కన పడెయ్యకండి.

కాకినాడ_కాంటెస్సా:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ స్లీవులు కొట్టించినా ఆ ఇంజన్ ఇచ్చేది అదే ముప్పై ఏడు గుర్రాలు. ఫుల్ లోడుతో, ఏసీ లేకుండా, హైవే మీద వెనక బస్సువాడు హారన్ కొడుతుంటే ఎడమ పక్కకి ఒదిగి వెళ్ళాలి, ఓవర్‌టేక్ మొదలెడితే ఎదురుగా వచ్చేవాడు దగ్గరికొచ్చేదాకా పూర్తవదు. అది కూడా భద్రతకి సంబంధించిందే కదండి, బ్రేకులొక్కటే కాదు. ఆ పాతకాలం ఇంజన్‌తో ఇప్పటి రోడ్డు మీద పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళడం మీకు సమ్మతమా? అందుకే నేను మార్చమంటా. చట్టం తప్పని కాదు, ఇలా పద్ధతిగా చేసేవాళ్ళకి ఒక తనిఖీ దారి పెట్టాలి, బ్రేకు టెస్టు, పొగ టెస్టు, ఇంజనీరు సంతకం. అది లేకపోబట్టే అందరూ దొంగచాటుగా గ్యాస్ కట్టర్ దగ్గరికి పోతున్నారు.

రాజోలు_చెరువుగట్టు:
ఈ ఒక్క మాటకి మాత్రం నా ఓటు కాంటెస్సా గారికేనండి.

పాలకొల్లు_అంబీ:
సరేనండి, 2సీ ఆయనకి అడ్వాన్స్ పంపట్లేదు. తాడేపల్లిగూడెంలో తెలిసిన లేత్ షాపుకి బ్లాకు, క్రాంకు పట్టుకెళ్తున్నా, కొలతలు తీయించి జర్నల్స్ (క్రాంకు బేరింగుల్లో తిరిగే చోట్లు) ఎంత అరిగాయో ఇక్కడ పెడతా. ఆర్టీవో ఆఫీసుకి ఇసుజు గురించి ఉత్తరం కూడా రాస్తున్నా, లాయరుగారూ డ్రాఫ్టు మీకు పంపుతా, ఒకసారి చూడండి. ఈలోగా ఏ ఇంజన్ పడినా బ్రేక్ డ్రమ్ములు నాలుగూ విప్పి వీల్ సిలిండర్లు, లైనర్లు, పైపులు కొత్తవి వేయిస్తున్నా. మార్క్ 4కి వీల్ సిలిండర్ కిట్లు మన చుట్టుపక్కల ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి, విజయవాడ దాకా వెళ్ళకుండా.

రావులపాలెం_షెడ్డు:
కిట్లు నా దగ్గర రెండు చక్రాలకి ఉన్నాయి, మిగతా రెండిటికీ రాజమండ్రిలో అడుగుతా. క్రాంకు కొలిపించేటప్పుడు ఒక్క చోట కాదు, ప్రతి జర్నల్‌కీ అడ్డంగా నిలువుగా రెండు పక్కలా కొలవమనండి, గుండ్రం తప్పిందో లేదో అప్పుడే తెలుస్తుంది.