బాలింత దిగులును ఇమ్యూన్ (రోగనిరోధక వ్యవస్థ) జబ్బు అనొచ్చా?

కాకినాడ కోడలు: ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు గర్భంతో ఉన్న ఎలుకలను ఒత్తిడికి గురిచేశారు. ఈనాక ఆ తల్లులు పిల్లల్ని సరిగా పట్టించుకోలేదు. మెదడు ముందుభాగంలో ఇన్‌ఫ్లమేషన్ (రోగనిరోధక వ్యవస్థ రేగి వచ్చే వాపు) గుర్తులు పెరిగాయి, రక్తంలో మాత్రం లేదు. 2018లో బయటపెట్టిన ఫలితమిది. అనుమానమంతా మెదడులోని రోగనిరోధక కణాలు, మైక్రోగ్లియా మీదే. “మేమంతా కనలేదా, నీకేనా ఈ ఏడుపు?” అనే నోళ్లు మూతపడాలంటే ప్రసవానంతర డిప్రెషన్‌ని ఇమ్యూన్ జబ్బనే చెప్పాలి. కాదంటారా?

పీజీ బెంచి: కాదనే అంటాను. వాళ్లదే 2017 పేపర్ ఉంది. ఏ ఒత్తిడీ పెట్టని ఎలుకల్లో కూడా గర్భం చివర్లో, ఈనిన కొత్తలో మైక్రోగ్లియా తగ్గాయి. మామూలు తల్లి మెదడే ఇంత మారుతుంటే ఎక్కడిదాకా సహజం, ఎక్కడినుంచి జబ్బు? బతికున్న మనిషిలో చూడటమూ తేలిక కాదు. మైక్రోగ్లియా కోసం పెట్ స్కాన్‌లో (మెదడును ఫొటో తీసే ఒక స్కాన్) వెతికే టీఎస్‌పీఓ ప్రోటీన్ వాటిలోనే కాదు, ఆస్ట్రోసైట్లనే వేరే మెదడు కణాల్లోనూ, రక్తనాళాల గోడల్లోనూ ఉంటుంది.

మెడికల్ షాపు మూర్తి: మందు వైపు నుంచి చూడండి. ఈ డిప్రెషన్‌కే 2023లో అమెరికాలో అనుమతి పొందిన జురానొలోన్, 14 రోజుల మాత్రల కోర్సు, పనిచేసేది గాబా (మెదడును శాంతపరిచే రసాయనం) గ్రాహకాల మీద. ఇన్‌ఫ్లమేషన్‌కని చేసిన మందు కాదది. ఇమ్యూన్ జబ్బని ప్రచారం చేస్తే వాపు తగ్గిస్తాయని జనం నాదగ్గరికొచ్చి అడిగేది పసుపుకొమ్ము పొడి క్యాప్సూల్స్!

ఏఎన్ఎం అక్క: కోడలు గారూ, మీరు రాసిన దాంట్లోనే చిక్కుంది. రక్తంలో పెరగలేదన్నారు కదా. జబ్బనగానే ఇంట్లోవాళ్లు ముందు రక్తపరీక్ష చేయిస్తారు. రిపోర్టు నార్మల్ వస్తే “చూశావా, అంతా నటనే” అని ఆ పిల్ల మీదే పడతారు. బాలింతల్లో డిప్రెషన్‌ని పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి 1987 నుంచీ ఉంది, పది ప్రశ్నలే. అత్తా మొగుడూ పక్కన లేకుండా అడగాలి, అంతే. మన దేశంలో బాలింతల్లో 22 శాతం దాకా ఈ డిప్రెషన్ ఉందని 2017 నాటి ఒక సమీక్ష లెక్కగట్టింది. వాళ్లలో ఎందరిని అడిగాం?

కాకినాడ కోడలు: అడగండక్కా, వద్దన్నదెవరు? కానీ ప్రశ్నలకు వచ్చిన మార్కులు చూపిస్తే మా అత్తగారు “మనసు గట్టి చేసుకో” అంటారు. మెదడులో మార్పు అంటే కనీసం ఆగి వింటారు. ఆ ఎలుకలకు ఒత్తిడి పెట్టింది బయటివాళ్లేనన్న సంగతి కూడా కలిపి చెప్తాను.

పీజీ బెంచి: అలా చెప్పండి. “ఎలుకల్లో” అనే ముక్క మాత్రం మింగేయకండి.